గంటల ఇంటి గొంతు

ఒర్తువాయి, సార్డీనియా కొండలు
5 నవంబర్ 1983

తమ్ముడు బోయెలేకి అక్క సిదోరా దీవెనలు.

మృతుల పండుగ అయింది. నాన్న సమాధి మీద దీపం పెట్టి వచ్చాను. పోయాక వచ్చిన మొదటి పండుగ కదా, ఊళ్ళో సగం మంది వచ్చారు. గొర్రెల కాపరులు టోపీలు తీసి నిలబడ్డారు. వాళ్ళలో ఒకడన్నాడు: "మీ నాన్న పోలేదు సిదోరక్కా. మా గొర్రె మెడలో ఆయన చేసిన గంట ఆడినప్పుడల్లా మాట్లాడుతూనే ఉన్నాడు."

మందలన్నీ చలికి మైదానానికి దిగిపోయాయి. కొండ మీద ఒక్క గంట కూడా లేదు. ఏటా ఈ రోజుల్లో ఊరికి చెవులు ఖాళీ అయినట్టుంటుంది.

అసలు సంగతి. మీ అన్న ఎఫీసియో రాయమన్నాడు. వాడి మాటలే రాస్తున్నాను, నావి కలపడం లేదు. "కొలిమి నాన్నది, అంటే మా ఇద్దరిదీ. తలుపు మీద నా పేరు పక్కన వాడి పేరు రాయిస్తాను. అత్తారి ఊళ్ళో ఏదో కొట్టం తీసుకుని విడిగా గంటలు చేస్తాడట. ఆ పిచ్చి మానుకుని రమ్మను." చెప్పి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

నా సంగతంటావా, నువ్వు అడగలేదు, నేను చెప్పను. నేను మట్టి చుట్టే మనిషిని. మీరు రేకు మడిచి గంట చేసిస్తే, ఇత్తడి ముక్కలు పెట్టి, గడ్డి కలిపిన మట్టి చుట్టి నిప్పుకి ఇస్తాను. లోపల ఇత్తడి ఎలా కరుగుతుందో, ఇనుముని ఎలా పట్టుకుంటుందో నిప్పుకే తెలుసు. నీ లోపల ఏమవుతోందో దేవుడికి తెలుసు.

క్రిస్మస్‌కి రా. ఆ మాటేదో అన్న ఎదురుగా చెప్పు. మరదలు మల్లేనాకి దగ్గు తగ్గిందా? చలిలో బట్టలు ఉతకొద్దని నేను అన్నానని చెప్పు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే
సిదోరా


సెరావెల్లా
21 నవంబర్ 1983

పెద్దక్కా,

నీ ఉత్తరం మల్లేనా పైకి చదివింది. మా మామగారు విని, "మీ ఇంట్లో మాటలు కూడా తూకం వేసి ఇస్తారా అల్లుడూ?" అన్నాడు. దగ్గు తగ్గింది. బట్టలు మాత్రం ఉతుకుతూనే ఉంది, నీ మాట చెప్పినా.

అన్నయ్య పిలిచినందుకు నాకు సంతోషంగానే ఉంది. కానీ అక్కా, నేను పదేళ్ళప్పట్నుంచి ఆ కొలిమిలో ఉన్నాను. నాన్న చెవితో విన్నాను, నాన్న చేత్తో కొట్టాను. ఇక్కడికొచ్చాక చేసిన మొదటి గంటలన్నీ నాన్న గొంతుతోనే పలికాయి. వాటన్నింటినీ నలగ్గొట్టాను. మన కట్టుబాటు తెలుసు కదా. గంటలు చేసే ఇంటికొక గొంతు. అది ఆ కొలిమిలోనే పలకాలి. బయట కొలిమి పెట్టుకున్నవాడు దాన్ని ముట్టకూడదు, కొత్త గొంతు వెతుక్కోవాలి.

కిందటి వారం ఒకటి చేశాను. మట్టి పగలగొట్టి, బూడిద తుడిచి, నాలుక కట్టి ఆడించాను. అది నాన్న కాదక్కా. అన్నయ్య కాదు. నేనని కూడా అనలేను. ఎవరో కొండ అవతల నుంచి పేరు పెట్టి పిలిచినట్టుంది. కొట్టంలోంచి బయటికి పరిగెత్తాను. మల్లేనా పరిగెత్తుకొచ్చి, "ఎవరు పోయారు?" అంది.

ఆ గంట క్రిస్మస్‌కి తెస్తాను. నాన్న ఎన్నడన్నా "బాగుంది" అన్నాడా? బాగుంటే దూలానికి వేలాడదీసేవాడు. బాగోకపోతే నోరు పైకి పెట్టి నేల మీద ఉంచేవాడు, చెంబు పెట్టినట్టు. ఇక దాని గురించి మాట ఉండేది కాదు. అన్నయ్యదీ అదే పద్ధతి. అతను దూలానికి వేస్తే నా కొలిమి నాది. నోరు పైకి పెడితే మారుమాట లేకుండా వచ్చేస్తాను, తలుపు మీద పేరు రాయించుకుంటాను. ఈ మాట అతనికి చెప్పకు. తెలిస్తే తీర్పు పాడవుతుంది.

నీ చిన్నోడు
బోయెలే


సెరావెల్లా
28 డిసెంబర్ 1983

అక్కా,

చెప్పకుండా వచ్చేసినందుకు తిట్టుకుని ఉంటావు. మేకపిల్ల కూర పొయ్యి మీద ఉందని తెలుసు. నువ్వు గుళ్ళో ఉన్నావు, నేను అన్నయ్యతో కొలిమిలో ఉన్నాను.

గంట ఆడించాను. మళ్ళీ ఆడించాను. అన్నయ్య నా మొహమే చూస్తున్నాడు కానీ అతని మొహంలో చిన్న కదలిక లేదు. గంట చేతికిచ్చాను. తిరగేసి లోపలికి చూశాడు. వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత నోరు పైకి పెట్టి నేల మీద ఉంచాడు.

"రేకు కాస్త మందం" అన్నాడు.

"అంతేనా?" అన్నాను.

వెనక్కి తిరిగి కొలిమి ఊదుకున్నాడు. నాన్న కూడా అంత కఠినంగా ఎవరికీ తీర్పు చెప్పలేదక్కా. కింద పెట్టేటప్పుడు కనీసం కళ్ళలోకి చూసేవాడు.

వస్తానని రాశాను. మాట తప్పుతున్నాను. చెవి లేనివాడు గంటల ఇంట్లో ఎందుకు? అన్న పక్కన నిలబడి జన్మంతా నోరు పైకి పెట్టిన గంటలు చేసుకుంటూ ఉండలేను. లోయలో నూలు ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారు. మామగారి తమ్ముడు అక్కడే ఉన్నాడు. వేసవికి ముందు చేరిపోతాను. మల్లేనా నా సుత్తిని మంచం కిందకి తోసేసింది, నాకు కనిపించకుండా.

బోయెలే


ఒర్తువాయి
9 జనవరి 1984

బోయెలేకి,

కూర పొరుగింటికి పంపాను. వాళ్ళు నిన్ను దీవించారు.

ఎఫీసియోని అడిగాను. "వాడి గంట ఎలా ఉందిరా?" అంటే, "ఇత్తడి బాగా పట్టింది" అన్నాడు. "నేను అడిగింది గొంతు" అన్నాను. "బొగ్గు అయిపోవచ్చింది, చెప్పి పంపు" అన్నాడు. నేను అడిగినదానికీ వాడు చెప్పినదానికీ పొత్తు లేదు. ఇది మొదటిసారి కాదనిపించింది. ఆ రోజు నుంచి వాణ్ణి గమనిస్తున్నాను. గమనించినది రాయను. అది వాడి మాట, వాడే చెప్పాలి.

నువ్వు ఫ్యాక్టరీలో సంతకం పెట్టకు. క్రీస్తు లేచిన పాస్కా పండుగ దాకా ఆగు. కారణం అడక్కు.

నీ గంట ఇంకా అక్కడే ఉంది. ఎవరూ కదపలేదు. నేను మట్టి కలుపుతూ దాన్ని చూస్తుంటాను. ఆడించలేదు. నాలుగు గోడల మధ్య నీ గొంతు వినడం నాకు తగదనిపించింది.

మరియమ్మ తల్లి నిన్ను కాపాడుగాక.

సిదోరా


సెరావెల్లా
2 ఫిబ్రవరి 1984

అక్కా,

ఆగు అంటావు. కారణం అడగొద్దంటావు. అర్థమైందిలే. నేను ఆకలికి తట్టుకోలేక ఇంటికి తిరిగొస్తానని ఇద్దరూ కాచుకుని కూర్చున్నారు. నువ్వు ఎప్పుడూ ఇద్దరి మధ్యలో ఉంటావనుకునేవాణ్ణి. ఇప్పుడు పక్కకి జరిగావు.

అది అలా ఉంచు. ఒక చిక్కొచ్చింది. మౌరు మామ మొన్న మంద మేపుకుంటూ ఇటు వచ్చాడు. మన ఇంటి పాత కాపరి, తాత కాలం నుంచీ వాళ్ళ మందకి గంటలు మనవే. ఈ ఏడు తొలిసారి కొండెక్కే పడుచు గొర్రెలకి గంటలు నన్ను చెయ్యమంటాడు.

"అన్నయ్య ఉండగా నా దగ్గరికెందుకు మామా?" అన్నాను.

"మీ అన్న కిందటేడు చేసిన సన్న గంటలు మొరుగుతున్నాయిరా, పిలవట్లేదు. నా గొర్రెలు వాటిని విని అటూ ఇటూ చూస్తున్నాయి, ఎవడ్రా వీడని."

"నా గొంతు వేరే. మీ మందలో నాన్న గంటలతో కలవదు."

"కలుస్తుందో లేదో గొర్రెలు చెప్తాయి. నీకెందుకు?"

నవ్వి, తర్వాత చెప్తానన్నాను. చేస్తే ఇంటి కాపరిని దొంగిలించినవాణ్ణవుతాను. అన్నయ్య జన్మలో క్షమించడు. చెయ్యకపోతే ఫ్యాక్టరీ. ఏం చెయ్యను? ఈసారి మాటలు తూకం వెయ్యకుండా చెప్పు.

బోయెలే


ఒర్తువాయి
5 మార్చి 1984

బోయెలేకి,

జవాబు ఆలస్యమైంది. ప్రార్థించాలి కదా.

చెయ్యి. మౌరు అడిగిన గంటలన్నీ చెయ్యి. నాన్న గొంతుకి దగ్గరగా జరపాలని చూడకు. నువ్వు విని బయటికి పరిగెత్తావే, ఆ గొంతుతో చెయ్యి.

నేను పక్కకి జరగలేదు.

సిదోరా


సెరావెల్లా
30 మార్చి 1984

అక్కా,

రెండు ఉత్తరాలు రాశాను. ఒక్క ముక్క జవాబు లేదు. చెయ్యమని నువ్వే అన్నావు, చేస్తుంటే మూగనోము పట్టావు. అన్నయ్యకి తెలిసిపోయిందా? నాకు రాయొద్దన్నాడా? అలా అయితే అదే రాయి, తిట్టినా పరవాలేదు.

మళ్ళీ:
కవరు అంటించబోతుంటే మల్లేనా అడ్డుపడింది. "మీ అక్క పాస్కా ముందు తపస్సు కాలంలో ఉత్తరాలు రాయదని పెళ్ళికి ముందు నువ్వే కదా చెప్పావు? అది మొదలయ్యే విభూది బుధవారం ఎప్పుడైందో తెలుసా నీకు?" అంది. నిజమే. నా చిన్నప్పుడు ఆ రోజుల్లో నువ్వు నాన్నకి కూడా చేత్తో సైగలు చేసేదానివి. మా మామగారు, "మీ అక్క దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో నువ్వు తలుపు బాదుతున్నావ్" అన్నాడు.

అయినా పంపిస్తున్నాను. గంటలు సిద్ధం. మౌరు మామ వచ్చి పట్టుకెళ్ళాడు. మందకి కట్టాక వినమన్నాడు. నేను వెళ్ళలేదు. ధైర్యం చాల్లేదు.

నీ మూర్ఖుడు
బోయెలే


ఒర్తువాయి
24 ఏప్రిల్ 1984

బోయెలేకి పాస్కా పండుగ దీవెనలు.

ఇప్పుడు రాయొచ్చు. ఎఫీసియో ఒప్పుకున్నాడు.

పవిత్ర శుక్రవారం నాడు గుడి గంటలు కట్టేస్తారు కదా. ఊరంతా నిశ్శబ్దం. పిల్లలు చెక్క గిలకలు తిప్పుతూ వీధుల్లో పూజకి పిలుస్తున్నారు. ఎఫీసియో పని లేక కొలిమి ముందు అరుగు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. వాడే మొదలుపెట్టాడు.

"ఈ రెండు రోజులూ నాకిష్టం అక్కా. ఊరంతా నాలా ఉంటుంది."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

వాడికి చెవులు పోతున్నాయి బోయెలే. కొలిమి పని తీసుకుపోయింది. ముందు సన్న గంటలు పోయాయట, తర్వాత పక్షులు, తర్వాత ఆడవాళ్ళ మాటలు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట్లాడతాడు. నేను శీతాకాలమంతా చూసింది ఇదే. సుత్తితో కొడతాడు, చుట్టూ చూస్తాడు, ఎవరూ లేరనుకుని గంట అంచు పళ్ళ మధ్య పెట్టుకుంటాడు. మళ్ళీ కొడతాడు. కళ్ళు మూసుకుంటాడు. ఎముకల్లో వింటున్నాడు. పెద్ద గంటల్ని ఇప్పటికీ అలాగే సరిచేస్తున్నాడు, ఒక్కటి కూడా తప్పు పోదు. తలుపు సందులోంచి మొదటిసారి చూసినప్పుడు నేను మట్టి చేతులతోనే సిలువ గుర్తు వేసుకున్నాను. మనిషికి దేవుడు ఎన్ని తలుపులు పెట్టాడో మనకేం తెలుసు?

సన్న గంటలు పళ్ళకి అందవు. మౌరు చెప్పింది నిజమే.

ఇప్పుడు నీ గంట సంగతి. వాడికి అది వినబడలేదు. నువ్వు ఆడిస్తున్నావని చెయ్యి చూసి తెలుసుకున్నాడు. నీ ఎదురుగా పళ్ళ దగ్గర పెట్టుకోలేక, ఇత్తడి ఎలా పట్టిందో చూద్దామని తిరగేశాడు. లోపల చూశాక ఎలా ఉన్నది అలా, నోరు పైకే, కింద పెట్టాడు. నువ్వు వెళ్ళిపోయాక కానీ ఏం చేశాడో వాడికే తెలియలేదు. అప్పటికి నీకు నిజం చెప్పాలంటే చెవుల సంగతి చెప్పాలి. గంటల ఇంటి పెద్ద అది ఎలా చెప్తాడు?

కనుక అది తీర్పు కాదు. నీ గంటకి ఇంతవరకు తీర్పే లేదు.

నిన్ను ఇంటికి రమ్మన్నది అందుకే. వాడికి నీ చెవులు కావాలి. కానీ జాలిపడి రావద్దని వాడే రాయమన్నాడు. వాడి మాటలు: "జాలితో వచ్చినవాడు సుత్తి కూడా జాలిగానే కొడతాడు."

సిదోరా


సెరావెల్లా
1 మే 1984

అక్కా,

నీ ఉత్తరం చదివాక పొలం గట్టు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చెవి లేనివాడు గంటల ఇంట్లో ఎందుకని రాశాను కదా. ఆ ముక్క అన్నయ్యకి చూపించావా? చూపించి ఉంటే నేను చచ్చినా అతని మొహం చూడలేను. చూపించలేదని చెప్పు.

వచ్చేస్తున్నాను. జాలి కాదు. అన్నయ్య అలా పళ్ళతో నాన్న గొంతుని పట్టుకుని ఉంటే, నేను ఇక్కడ నా గొంతు నాదని కూర్చోవడం ఏమిటి? ఆ గొంతు మన తాతలది. అది పోతే ఇంకెక్కడా లేదు. నాది ఇంకా పుట్టనేలేదు, పోయినా ఎవరికీ తెలియదు. నెలాఖరుకి కొట్టం ఖాళీ చేస్తాను. మల్లేనా ఒప్పుకుంది. ఒప్పుకుని వెనక్కి తిరిగి ఏడ్చింది, నేను చూడలేదనుకుంది.

తలుపు మీద పేరు అక్కర్లేదని చెప్పు.

బోయెలే


ఒర్తువాయి
7 మే 1984

బోయెలేకి,

ఆ ముక్క చూపించలేదు.

మల్లేనా ఏడుపు కూడా లెక్కలోకి తీసుకో. సామాను కట్టకు. మౌరు మంద కొండెక్కేదాకా ఆగు. నీ గంటకి తీర్పు రాకుండా నువ్వు దేన్ని వదులుకుంటున్నావో నీకే తెలియదు.

సిదోరా


ఒర్తువాయి
20 మే 1984

నా చిన్నోడా,

నిన్న మౌరు మంద వచ్చింది.

పొద్దున మంచు బాగా పట్టింది. పది అడుగుల అవతల ఏమీ కనబడడం లేదు. నేను పూజ నుంచి వస్తున్నాను. ముందు నాన్న వినిపించాడు. లోయ మలుపులో ఆ పెద్ద గంటలు, నెమ్మదిగా, మెట్లెక్కే ముసలాయనలా. ఏటా వినేదే. రొట్టెల తట్టతో పోతున్న ఆడవాళ్ళు ఆగారు. ఏటా ఆగేదే.

తర్వాత నీది వచ్చింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. నాన్న గొంతు మీద అది ఎక్కలేదు, దానిలో కరగలేదు. దాని పక్కన వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళూ నాన్న గంటలు ఒంటరిగా పాడాయని నాకు అప్పుడు తెలిసింది. పిలిచినవాళ్ళకి ఇన్నాళ్ళకి బదులొచ్చినట్టుంది. రొట్టెలమ్మాయి తట్ట దించింది. ఫాదర్ గారు పూజ బట్టలతోనే గుమ్మంలోకి వచ్చేశారు. నాకు వచ్చిన ప్రార్థనలన్నీ ఒక్కసారి మరిచిపోయాను. ఒక్కటి కూడా గుర్తురాలేదు. గుర్తు రావలసిన అవసరం కూడా కనబడలేదు.

ఎఫీసియోని పిలవాలని తిరిగేసరికి వాడు దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. మా మొహాలు చూసి వచ్చాడట. మంద వాడికి రెండు పక్కలా చీలి పోతోంది. ఒక పడుచు గొర్రెని పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడలో గంట అంచు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గొర్రె గింజుకుంటోంది. గంట మోగుతోంది.

మౌరు గట్టిగా అరిచాడు: "ఏం ఎఫీసియో, మీ అక్క తిండి పెట్టట్లేదా? నా గంటలు మేస్తున్నావ్!"

ఊరంతా నవ్వింది. వాడు వినలేదు. ఇంకో గొర్రెని పట్టుకున్నాడు. తర్వాత ఇంకోదాన్ని. సన్న గంటలు పళ్ళకి అందవని రాశాను కదా. అందినంత విన్నాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. దాచుకోలేదు.

"ఇది మన ఇంటిది కాదక్కా."

మన ఇంట్లో ఆ మాట తిట్టు కింద లెక్క. వాడు గుళ్ళో మాట్లాడినట్టు అన్నాడు.

"వాడొస్తే ఇది పోతుంది. నా పక్కన కూర్చుంటే వాడి చెయ్యి మళ్ళీ నాన్న దారి పట్టేస్తుంది. రావద్దని రాయి. నేను పిలిచిన పిలుపు వెనక్కి తీసుకుంటున్నానని రాయి."

"మరి నీ సంగతి?"

"సన్న గంటలు చెయ్యను. పెద్దవి చేసినన్నాళ్ళు చేస్తాను. తర్వాత దేవుడున్నాడు."

అది నిన్నటి మాట. ఇవాళ ఆదివారం, కొలిమి వెలిగించకూడదు. అయినా ఎఫీసియో పాత సన్న గంటొకటి ముందేసుకుని కూర్చున్నాడు, చెయ్యనన్నవాడే, చేతులు ఊరుకోక. దాగలి దిమ్మ మీద పెట్టి ఒక దెబ్బ వేస్తాడు, పళ్ళతో వింటాడు, తల అడ్డంగా ఊపుతాడు. నేను మూల కూర్చుని జపమాల చెప్పుకుంటున్నాను. దెబ్బ. ఇంకో దెబ్బ. ఇంకోటి. నాకు తెలియకుండానే నా చెయ్యి పైకి లేచింది.

వాడు సుత్తి గాల్లోనే ఆపాడు. "ఏంటి?"

"వచ్చింది. ఇంక కొట్టకు."

"ఏమొచ్చింది?"

"నాన్న గొంతు."

నా పెదాలు చూస్తూ ఉండిపోయాడు. "నీకెలా తెలుసు?"

"పుట్టినప్పట్నుంచీ వింటున్నాను కదురా. మట్టి చుట్టేవాళ్ళకి చెవులుండవా?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చెప్పావా?"

"ఒక్కసారన్నా అడిగారా?"

నమ్మలేదు. పళ్ళకి తెలిసే పెద్ద గంట తీశాడు, ఇంకోటి తీశాడు. కావాలని తప్పు కొట్టాడు, నేను చెయ్యెత్తలేదు. సరిగ్గా కొట్టాడు, చెయ్యి లేచింది. ఎప్పుడు లేవాలో నేను దానికి చెప్పడం లేదు బోయెలే. అదే లేస్తోంది. చివరికి సుత్తి పక్కన పెట్టి నవ్వాడు. నాన్న పోయాక వాడు నవ్వడం ఇదే మొదలు. నవ్వు ఆపుకోలేక దాగలి పట్టుకున్నాడు. "ముగ్గురు మగాళ్ళం" అన్నాడు, "నాన్నా, నేనూ, చిన్నోడూ. చెవి మాత్రం మూల కూర్చుని జపం చేస్తోంది!"

రేపటి నుంచి మట్టి చుట్టడానికి పొరుగింటి అమ్మాయి వస్తుంది. నేను వాడి పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. కాబట్టి ఇక్కడ చెవులకి లోటు లేదు. నువ్వు రావద్దు. మల్లేనాకి ఈ ముక్క నువ్వే చదివి వినిపించు, ఆమె మొహం చూడు. పండక్కి ఇద్దరూ రండి, తిని వెళ్ళండి.

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఎఫీసియో మళ్ళీ సుత్తి అందుకున్నాడు, చెయ్యి కలంతో సహా లేస్తోంది. నా యాభై ఏడేళ్ళూ అది నా దగ్గరే ఉంది, ఏమిటో నాకిప్పుడే తెలిసింది.

సిదోరా